వలస నుంచి వచ్చిన అమ్మ దగ్గరికి బిడ్డ రాకపోతే

అమ్మా, మీ ప్రశ్న రెండు మూడుసార్లు చదివాను. కోస్గి దగ్గరి ఊరు మీది. దీపావళి దాటిన వారానికి, పదకొండు నెలల బాబును అత్తమ్మ దగ్గర ఉంచి, మీరూ మీ ఆయనా గుంపు మేస్త్రీ వెంట పుణెకు బిల్డింగు పనికి వెళ్లారు. ఉగాదికి తిరిగి వచ్చేసరికి వాడికి పదహారు నెలలు. చేతులు చాస్తే రాలేదు. నానమ్మ కొంగు వెనక దాక్కున్నాడు. ఆమెనే ‘అమ్మా’ అని పిలుస్తున్నాడు. మూడేళ్లలోపు తల్లికి దూరమైన పిల్లల మెదడు దెబ్బతింటుందని ఫోనులో ఎవరో చెబుతుంటే విన్నారు. ‘ఈసారి వాడిని కూడా తీసుకుపోదాం, పది రోజుల్లో అదే అలవాటవుతుంది’ అని మీ ఆయన అంటున్నారు. ‘నా దగ్గరే ఉండనీ’ అని అత్తమ్మ అంటున్నారు. నేను తప్పు చేశానా, ఇప్పుడు ఏం చేయాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత చెబుతాను. మీరు రాసిన దాన్ని బట్టి మీ బాబు బాగానే ఉన్నాడు. భయం వేసినప్పుడు పరుగెత్తి వెళ్లి దాక్కోవడానికి వాడికొక కొంగు ఉంది. పదహారు నెలల పిల్లవాడికి కావలసిన వాటిలో మొదటిది అదే. వాడికి నష్టం జరిగే అవకాశం ఇప్పుడు, రాబోయే పదిహేను రోజుల్లో ఉంది. నానమ్మ దగ్గర నుంచి వాడిని ఒక్కసారిగా విడదీసి బస్సెక్కిస్తే అది వాడి చిన్న బతుకులో రెండో తెగతెంపు అవుతుంది. దాన్ని మాత్రం జరగనివ్వకండి.

నేను పాత పాలమూరు జిల్లాలో ఇరవై ఏడేళ్లు అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా తిరిగాను. ఆ తర్వాత కొంతకాలం బాలల సంక్షేమ సమితిలో పనిచేశాను. వలస వెళ్లే తల్లులనూ, ఊళ్లో మిగిలిపోయే పిల్లలనూ ఏటా చూశాను. పుస్తకాల్లో చదివింది ఆ పిల్లలను చూశాకే నాకు అర్థమైంది.

పసిబిడ్డ మొదటి అయిదారు నెలలు ఎవరు ఎత్తుకున్నా ఊరుకుంటాడు. ఏడెనిమిది నెలలకు మార్పు వస్తుంది. మొన్నటిదాకా నవ్వుతూ చంకనెక్కిన మేనమామను చూసి కూడా గుక్కపెట్టి ఏడుస్తాడు. ‘కొత్త చేస్తున్నాడు’ అని ఇంట్లో నవ్వుకుంటారు. నిజానికి అప్పుడు వాడి బుర్రలో ఒక పెద్ద పని జరుగుతోంది. ఆకలికీ నొప్పికీ భయానికీ ఏ మనిషి వస్తుందో గుర్తుపట్టి, ఆ మనిషిని తన ఆసరాగా ఎంచుకుంటున్నాడు. పాకడం, నడవడం కూడా అప్పుడే మొదలవుతాయి. ఆ మనిషి కనబడేంత దూరం పోతాడు, తిరిగి చూస్తాడు, ఉందని తెలిస్తే ఇంకొంచెం పోతాడు. ఇలా ఏడెనిమిది నెలల నుంచి సుమారు మూడేళ్లు వచ్చేదాకా, సాకే మనిషి హఠాత్తుగా మాయమైతే పిల్లలు ఎక్కువగా తల్లడిల్లుతారు. ‘అమ్మ దసరాకు వస్తుంది’ అంటే అర్థం చేసుకునే మాట, కాలం లెక్క వాళ్లకు ఇంకా రాలేదు. వాళ్లకు తెలిసింది రెండే, అమ్మ ఉంది, అమ్మ లేదు. మీరు వెళ్లింది సరిగ్గా ఆ వయసులో. అది మీకు దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వలస వెళ్లే తల్లులు ‘వీడు ఏడుస్తాడు మేడం, ఎట్లా పోవాలి’ అని అడిగితే, ‘నిద్రపోతున్నప్పుడు వెళ్లిపోండి, లేచాక కాసేపు ఏడ్చి ఊరుకుంటాడు’ అని నేనే చెప్పాను. ఒక తండాలో ఆ మాట వల్ల ఏం జరిగిందో తర్వాత కళ్లారా చూశాను. తెల్లవారుజామున బొంబాయి వైపు వెళ్లే వాహనం ఎక్కడానికి తల్లి ముందురోజే పాలు మాన్పించింది, రొమ్ముకు వేపాకు ముద్ద రాసుకుని. బిడ్డ చేదుకు ముఖం తిప్పుకుని, ఏడ్చి ఏడ్చి అర్ధరాత్రికి నిద్రపోయింది. మూడింటికి తల్లి లేచి వెళ్లింది. నేను పొద్దున వెళ్లేసరికి ఆ పాప తల్లి పాత చీర ఒకటి నోట్లో కుక్కుకుని గడప మీద కూర్చుని ఉంది. అవ్వ జొన్నరొట్టె పాలలో నానబెట్టి నోటికి పెడితే ఉమ్మేసింది. పాలూ, పాలిచ్చే మనిషీ, పక్కలోని వేడీ ఒకే రాత్రిలో పోయాయి ఆ బిడ్డకు. ఆ తర్వాత నెలరోజుల దాకా సాయంత్రం చీకటి పడితే ఆ పాప నిద్రపోయేది కాదు. కళ్లు మూస్తే మనిషి మాయమవుతుందని నేర్చుకుంది మరి. అది నేర్పింది నా సలహా.

1950ల నాటి ఇంగ్లండు ఆసుపత్రుల్లో ఇదే విషయం మీద పెద్ద వాదన నడిచింది. అప్పట్లో అక్కడి ఆసుపత్రుల్లో చేర్చిన పసిపిల్లలను చూడటానికి తల్లిదండ్రులను చాలాచోట్ల వారానికి ఒకటి రెండుసార్లకు మించి రానిచ్చేవారు కాదు. వస్తే పిల్లలు ఏడుస్తారు, రాకపోతే బుద్ధిగా ఉంటారు కాబట్టి రాకపోవడమే మంచిదని వైద్యులూ నర్సులూ నమ్మేవారు. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన, మానసిక వైద్యుడు జాన్ బోల్బీతో కలిసి పనిచేస్తూ, ఆ వార్డుల్లో కూర్చుని పిల్లలను గమనించాడు. 1952లో ఒక రెండేళ్ల పాప ఆసుపత్రిలో గడిపిన ఎనిమిది రోజులను కెమెరాతో తీసి వైద్యులకే చూపించాడు. పిల్లల్లో మూడు దశలు కనబడుతున్నాయని చెప్పాడు. మొదట గట్టిగా ఏడుపు, వెతుకులాట, ఎవరినీ దగ్గరికి రానివ్వకపోవడం. తర్వాత ఏడుపు సన్నగిల్లి, నీరసం, తిండి మీద ధ్యాస లేకపోవడం. మూడోది మోసపుచ్చే దశ. పిల్లవాడు నవ్వుతాడు, పెట్టింది తింటాడు, బొమ్మలతో ఆడతాడు. ‘హమ్మయ్య, అలవాటు పడ్డాడు’ అనుకుంటారు. అమ్మ వచ్చినప్పుడు మాత్రం ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూస్తాడు. మనసు తలుపు వేసుకుని ఉండటాన్ని పెద్దవాళ్లు అలవాటు పడటం అనుకుంటున్నారని ఆయన వాదన. మొదట వైద్యులు కోప్పడ్డారు. 1959లో సర్ హ్యారీ ప్లాట్ నాయకత్వంలోని ప్రభుత్వ కమిటీ, పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రులను ఎప్పుడు వచ్చినా రానివ్వాలని సిఫారసు చేసింది. ఈరోజు మన జిల్లా ఆసుపత్రిలో బిడ్డ మంచం పక్కన తల్లి కూర్చుంటే మనకు అందులో వింతేమీ కనబడదు. ఆ మామూలు విషయం కోసం కూడా ఒకప్పుడు పోరాడవలసి వచ్చింది.

మీ బాబు సంగతికి ఇంకా దగ్గరగా ఉన్నది రాబర్ట్‌సన్ దంపతులు 1960ల చివరలో చూసింది. పదిహేడు నెలల బాబు ఒకడు, తల్లి కాన్పుకు వెళ్తే, తొమ్మిది రోజులు శిశుగృహం లాంటి చోట ఉన్నాడు. అక్కడి ఆయాలు మంచివాళ్లే. కానీ డ్యూటీలు మారుతుంటాయి, ఒకరి ఒళ్లో కూర్చోగానే ఆమె వెళ్లిపోతుంది, ఇంకొకరు వస్తారు. వాడు ఒక్కొక్కరినీ తన మనిషిగా చేసుకోవాలని ప్రయత్నించి, ప్రయత్నించి, చివరికి ఒక పెద్ద బొమ్మ మీద పడుకుని ఏడ్చాడు. తల్లి వచ్చినప్పుడు ఆమెను తోసేశాడు. తొమ్మిది రోజులకే ఇది జరిగింది. అదే దంపతులు, అంతకన్నా ఎక్కువ రోజులు తల్లికి దూరమైన పిల్లలను కూడా తమ ఇంట్లో ఉంచుకుని ఒక్క మనిషే సాకేలా చూశారు. అమ్మ ఫోటో చూపించారు, ఇంట్లో ఎలా తినేవారో ఎలా పడుకునేవారో ముందే అడిగి తెలుసుకుని అలాగే చేశారు. వాళ్లకూ బాధ కలిగింది, కానీ ముడుచుకుపోలేదు, తల్లులను తోసేయలేదు. రోజుల లెక్క ముఖ్యం కాదని నేను అనను, ముఖ్యమే. కానీ ఆ రోజుల్లో బిడ్డకు తనదైన మనిషి ఒకరున్నారా లేదా అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

ఇప్పుడు మీరు ఫోనులో విన్న మాట గురించి. మెదడు ఎదుగుదల దెబ్బతింటుందని గట్టిగా చెప్పిన పరిశోధనలు నిజంగానే ఉన్నాయి. అవి ఏ పిల్లల మీద జరిగాయో మాత్రం ఇలాంటి వీడియోల్లో ఎవరూ చెప్పరు. రొమేనియా దేశంలో చౌషెస్కూ అనే నియంత పాలనలో, 1966లో గర్భస్రావాలు నిషేధించారు. సాకలేని కుటుంబాలు పిల్లలను ప్రభుత్వ ఆశ్రమాలకు అప్పగించేవి. 1989లో ఆ పాలన కూలిపోయినప్పుడు లక్షకు పైగా పిల్లలు అలాంటి చోట్ల ఉన్నారు. వరసగా ఇనుప తొట్టెలు, పాలసీసా దిండుకు ఆనించి పెట్టడం, ఏడ్చినా ఎవరూ రాకపోవడం. కొన్నాళ్లకు ఆ గదుల్లో పిల్లల ఏడుపే వినబడేది కాదు. 2000 ప్రాంతంలో అమెరికా పరిశోధకులు ఆ దేశ రాజధాని బుకారెస్టులో 136 మంది పిల్లలను ఎంచుకుని, చీటీలు వేసినట్టుగా సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. రెండేళ్లు నిండకముందే ఒక ఇంటికి, ఒక మనిషి దగ్గరికి చేరిన పిల్లలు తెలివిలోనూ మాటలోనూ మనుషులతో కలివిడిలోనూ ఎక్కువ కోలుకున్నారు. ఆలస్యంగా చేరినవారు తక్కువగా కోలుకున్నారు. ఇంగ్లండుకు దత్తత వెళ్లిన రొమేనియా పిల్లలను మైకేల్ రటర్ అనే పిల్లల మానసిక వైద్యుడి బృందం పెద్దయ్యేదాకా గమనించింది. ఆరు నెలలలోపే ఆ ఆశ్రమాల నుంచి బయటపడినవారిలో చాలామంది మిగతా పిల్లల్లాగే పెరిగారు.

ఆ తొట్టెలోని బిడ్డకు ఎవరూ లేరు. మీ బాబుకు నానమ్మ ఉంది. రెండింటినీ ఒకే తక్కెడలో వేసి తల్లులను భయపెట్టడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది. ఉన్న మనిషి కొన్నాళ్లు దూరం కావడం వేరు, మనిషే లేకపోవడం వేరు అని రటర్ 1972లోనే విడదీసి చెప్పారు. భయం వేసినప్పుడు పిల్లల ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. నమ్మిన మనిషి ఎత్తుకుని వీపు నిమిరితే తగ్గుతుంది. రోజుకు పదిసార్లు పెరిగి పదిసార్లు తగ్గితే నష్టం లేదు, బిడ్డ అలాగే ధైర్యం నేర్చుకుంటాడు. పెరిగి, తగ్గించే చెయ్యి నెలల తరబడి లేకపోతేనే ప్రమాదం.

దీన్ని నేను మన దగ్గరే చూశాను. సమితిలో ఉన్నప్పుడు దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన పది నెలల పాప ఒకతె శిశుగృహంలో ఉండేది. ఆడపిల్ల అని వదిలేశారు. బరువు సరిగానే ఉంది, టీకాలు వేశారు, బట్టలు శుభ్రంగా ఉన్నాయి, రికార్డులో ఏ లోపమూ లేదు. కానీ మేము లోపలికి వెళ్తే ఆ పిల్ల ఎవరి వైపూ చేతులు చాచలేదు. తల తొట్టె అంచుకు మెల్లగా కొట్టుకుంటూ పైకప్పు చూస్తూ ఉంది. ఆయమ్మలు వంతులవారీగా వస్తారు, ఎవరి పాప అంటే అందరి పాపే. నేను ఒకే ఒక్క మార్పు అడిగాను. పొద్దున స్నానం, మధ్యాహ్నం ముద్ద, సాయంత్రం నిద్రపుచ్చడం, ఈ మూడూ ఒకే ఆయమ్మ చేయాలి, ఆమె సెలవు రోజు చేసేది కూడా ఎప్పుడూ ఒకరే అయి ఉండాలి. మూడో వారంలో ఆ ఆయమ్మ తలుపు దగ్గర చెప్పులు విడుస్తుంటే ఆ పాప ఏడ్చిందట, తన దగ్గరికి తొందరగా రమ్మని. ఆయమ్మ ఆ ఏడుపు సంగతి చెబుతూ తాను కూడా ఏడ్చేసింది. ఒక బిడ్డ మళ్లీ ఏడవడం నేర్చుకుందని మేమంతా సంతోషపడ్డాం.

కాబట్టి మీ బాబు నానమ్మను ‘అమ్మా’ అంటే బాధపడకండి. బాధ కలుగుతుంది, అది సహజం, కానీ వాడి ముందు చూపించకండి. మేరీ ఐన్స్‌వర్త్ అనే పరిశోధకురాలు 1954లో ఉగాండా వెళ్లి, కంపాలా చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్లకు వెళ్లి పసిపిల్లలను గమనించారు. అక్కడ కూడా మన ఊళ్లలాగే పిల్లలు పదిమంది చేతుల్లో పెరుగుతారు. బిడ్డకు ఒకరికన్నా ఎక్కువమందితో అనుబంధం కుదరడం ఆమె చూశారు. అమ్మ స్థానం ఇంకొకరు తీసేసుకోవడం అంటూ ఉండదు. ఒకరితో గట్టిగా ముడిపడటం తెలిసిన బిడ్డకు ఇంకొకరితో ముడిపడటం కూడా తెలుస్తుంది. మీ అత్తమ్మ అయిదు నెలలు వాడిని అలా ఉంచారు. ఆమెకు ఆ మాట చెప్పండి. వలస ఇళ్లలో పిల్లల విషయమై అత్తాకోడళ్ల మధ్య ఎన్నో తగవులు చూశాను. ‘నా బిడ్డను లాక్కుంది’ అని ఒకరు, ‘నేను సాకితే నా మీదే నింద’ అని ఒకరు. మధ్యలో బిడ్డ ఎవరి ముఖం చూడాలో తెలియక నిలబడతాడు.

ఇక చేయవలసింది. వాడిని పిలవడం, బలవంతంగా ఎత్తుకోవడం, ‘నేను నీ అమ్మను కాదా’ అని అడగడం ఆపేయండి. నానమ్మ వాడికి అన్నం పెడుతుంటే మీరు కాస్త దూరంగా, నేల మీద, వాడి ఎత్తుకు తగ్గట్టు కూర్చోండి. మీ చేతిలో ఏదో పని ఉండనీయండి, చిక్కుళ్లు వలవడమో పల్లీలు ఒలవడమో. వాడు చూస్తాడు. రెండో రోజో నాలుగో రోజో వచ్చి ఒక గింజ తీసుకుంటాడు. తీసుకోనీయండి, పట్టుకోకండి. ముద్ద కలిపేది మీరు, పెట్టేది నానమ్మ. తర్వాత కొన్ని ముద్దలు ఆమె, కొన్ని మీరు. నూనె రాసి నీళ్లు పోసేటప్పుడు కూడా అంతే, ఆమె ఒళ్లో వాడు, నీళ్లు పోసే చెంబు మీ చేతిలో. నానమ్మ మిమ్మల్ని చూసి నవ్వుతూ మాట్లాడటం వాడు చూడాలి. తాను నమ్మిన మనిషి ఎవరిని నమ్ముతుందో చూసే పిల్లలు కొత్తవారిని నమ్ముతారు.

ఒక తల్లి సంగతి చెబుతాను. మక్తల్ వైపు ఊరు. రెండేళ్ల కూతురి కోసం గాజులు, గౌను తెచ్చింది. పిల్ల గాజులు తీసుకుంది, గౌను వేయించుకుంది, తల్లి ముఖం మాత్రం చూడలేదు. చెంబు మూత ఒకటి నేల మీద తిప్పుతూ కూర్చుంది. తల్లి లోపలికి వెళ్లి ఏడ్చింది. అయిదో రాత్రి అవ్వ పక్కలో పడుకున్న పిల్ల, అందరూ నిద్రపోయారనుకుని, పాక్కుంటూ వచ్చి తల్లి చెవి కమ్మ పట్టుకుంది. చంటిపిల్లగా ఉన్నప్పుడు పాలు తాగుతూ ఆ కమ్మ తిప్పే అలవాటు ఉండేదట. తల్లి కదలలేదు, కళ్లు తెరవలేదు. తెల్లారాక పిల్ల మళ్లీ అవ్వ దగ్గరే ఉంది, ఏమీ జరగనట్టు. ఇలా ఏడెనిమిది రాత్రులు. ఆ తర్వాత పట్టపగలు వచ్చి ఒళ్లో కూర్చుంది. ఆ ఓపిక ఆ తల్లికి ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, నాకు తెలిసిన ఏ పాఠమూ అంత బాగా చెప్పలేదు.

దగ్గరికి రావడం మొదలయ్యాక ఇంకొక దశ వస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి. అంటుకుపోతాడు. బహిర్భూమికి వెళ్లినా ఏడుస్తాడు. రాత్రి రెండు మూడుసార్లు లేచి మీరున్నారా అని తడుముతాడు. మిమ్మల్నే కొడతాడు, కొరుకుతాడు, మిగతా అందరితో బుద్ధిగా ఉంటాడు. ‘ముద్దు చేసి చెడగొడుతున్నారు’ అని ఇరుగుపొరుగు అంటారు. పట్టించుకోకండి. లోపల దాచుకున్న కోపాన్ని బయట పెట్టడానికి తగిన మనిషి దొరికిందని వాడు నమ్మాడు కాబట్టే అలా చేస్తున్నాడు. కొట్టే చెయ్యి మెల్లగా పట్టుకుని, ‘అమ్మ ఇక్కడే ఉంది’ అనండి. పక్కింటికి వెళ్తున్నా చెప్పి వెళ్లండి, వచ్చాక ‘వచ్చాను’ అని చెప్పండి. ఇది వారాలు పట్టవచ్చు, నెలలు కూడా పట్టవచ్చు. ఇంట్లో అందరికీ ఒక్క మాట గట్టిగా చెప్పండి. ‘మీ అమ్మ పోయింది, ఇక రాదు’ అనే వేళాకోళం, ‘అన్నం తినకపోతే అమ్మ వెళ్లిపోతుంది’ అనే బెదిరింపు ఈ ఇంట్లో వినబడకూడదు. మన ఊళ్లలో ప్రేమతోనే అంటారు, తెలుసు. ఒకసారి నిజంగా అమ్మ వెళ్లిపోవడం చూసిన బిడ్డకు అది వేళాకోళంగా వినబడదు.

పుణె సంగతి. మీ ఆయన తప్పు కోరడం లేదు, బిడ్డ తల్లిదండ్రుల దగ్గర ఉండాలనే కోరుతున్నారు, నేనూ అదే కోరతాను. తొందర ఒక్కటే వద్దు. కనీసం ఆరు వారాలు మీరు ముగ్గురూ, నానమ్మతో కలిసి, ఇక్కడే ఒకే ఇంట్లో ఉండగలరేమో చూడండి. పని ఒత్తిడి ఉంటే మీ ఆయన ముందు వెళ్లి, మీరు ఆగవచ్చు. నొప్పి తగిలినా నిద్ర వచ్చినా వాడు మీ దగ్గరికి కూడా వస్తున్నాడని మీకు నమ్మకం కుదిరాకే ప్రయాణం. వీలైతే మొదటి నెల నానమ్మను కూడా తీసుకెళ్లండి, చార్జీ బరువైనా సరే. కుదరకపోతే వాడి పాత బొంత ఉతక్కుండా తీసుకెళ్లండి, ఆ వాసన వాడికి ఇల్లు. నానమ్మ పాత చీర ముక్క, వాడు నీళ్లు తాగే గ్లాసు కూడా. రోజూ ఒకే వేళకు ఆమెతో ఫోనులో మాట్లాడించండి. రెండేళ్లలోపు పిల్లలకు తెర మీది బొమ్మ మనిషని పూర్తిగా పట్టుబడదు, కాబట్టి మీరు పక్కన కూర్చుని ‘నానమ్మ చూడు, నానమ్మ నీకు ముద్దు పెడుతోంది’ అని చెబుతూ ఉండాలి. ఆమెను వాడి జ్ఞాపకంలోంచి తుడిచేయాలని చూడకండి.

అక్కడ వాడిని ఎవరు చూస్తారు? ఇసుక కుప్ప పక్కన తాడుతో కట్టిన పిల్లలను నేను చూశాను, అలాగైతే నానమ్మ దగ్గర ఉండటమే వెయ్యి రెట్లు మేలు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకోకముందే అడగండి, ఆ సైటులో పిల్లల గది ఉందా అని. యాభై మందికి మించి ఆడకూలీలు పనిచేసే నిర్మాణ స్థలాల్లో ఆరేళ్లలోపు పిల్లలకు గది, వాళ్లను చూసే మనుషులు ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది; 2025లో దాని స్థానంలో కొత్త కార్మిక చట్టాలు వచ్చాయి. అడగకపోతే ఎవరూ పెట్టరు. 1969లో ఢిల్లీలో ఒక నిర్మాణ స్థలంలో దుమ్ములో పడి ఉన్న కూలీల పిల్లలను చూసి మీరా మహదేవన్ గారు మొదలుపెట్టిన మొబైల్ క్రెష్ (పని స్థలంలోనే కూలీల పిల్లలను సాకే కేంద్రాలు) పని ముంబై, పుణెలకు కూడా చేరింది. మీ సైటు దగ్గర అలాంటిది ఉందేమో కనుక్కోండి. అంగన్‌వాడీలో కూడా చేర్చుకోమని అడగండి, వలస వచ్చారని కాదనకూడదు. ఇక్కడి టీచరు దగ్గర టీకాల కార్డు, బరువు రాసిన కార్డు తీసుకుని వెళ్లండి.

ఏ దారీ లేక మళ్లీ విడిచి వెళ్లవలసి వస్తే, పగటిపూట, వాడు మేలుకుని ఉండగా, నానమ్మ చంకలో ఉండగా చెప్పి వెళ్లండి. ఏడుస్తాడు. ఏడవనీయండి, ఆ ఏడుపుకు ఊరడించే మనిషి పక్కనే ఉంది. ఈ నెల నానమ్మ, వచ్చే నెల అత్త, ఆ పై నెల పెద్దమ్మ అని మార్చకండి. పాలు మాన్పించాలంటే ప్రయాణానికి రెండు నెలల ముందే మెల్లగా మాన్పించండి. దీపావళి నుంచి ఉగాది దాకా ఒకే ఎడం కాకుండా మధ్యలో సంక్రాంతికి మీలో ఒకరైనా రండి. గోడకు వాడి కంటికి అందే ఎత్తులో మీ ఫోటో పెట్టించండి, దేవుళ్ల పటాల వరసలో పైన కాదు.

కొన్ని గుర్తులు కనబడితే మాత్రం నా మాటలతో సరిపెట్టుకోకండి. దెబ్బ తగిలినా ఎవరి దగ్గరికీ వెళ్లకపోవడం, దారిన పోయే ఎవరి వెంటైనా సంకోచం లేకుండా వెళ్లిపోవడం, గంటల తరబడి ఊగుతూ కూర్చోవడం, బరువు తగ్గడం, వచ్చిన మాటలు పోవడం, పేరు పిలిస్తే తిరగకపోవడం. వీటిలో ఏది ఉన్నా జిల్లా ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకు చూపించండి. అన్నీ దూరం వల్లనే వస్తాయని కాదు, వినికిడి లోపం లాంటివి కూడా ఉండవచ్చు, త్వరగా తెలిస్తే మంచిది. బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వస్తుంది, ఆ రోజు తప్పకుండా తీసుకెళ్లండి.

తప్పు చేశానా అని అడిగారు. బోరు ఎండి, అప్పు మీద వడ్డీ నడుస్తుంటే, పదకొండు నెలల బిడ్డను ఇంట్లో వదిలి ఇటుకలు మోయడానికి వెళ్లిన తల్లిని ఆ మాట అనే అర్హత ఎవరికీ లేదు. పాలమూరు నుంచి తరతరాలుగా ఇలాగే వెళ్లారు. పిల్లలను విడిచి వెళ్లే అవసరం లేకుండా చేయవలసినవాళ్లు వేరే ఉన్నారు. మీ చేతిలో ఉన్నది ఈ ఆరు వారాలు.

ఈ రాత్రి వాడి బొంత పక్కన నానమ్మ బొంత, ఆమె పక్కన మీ బొంత పరచండి. లాంతరు వెలుగు కొంచెం ఉండనీయండి, వాడు మధ్యలో లేస్తే మీరు ఎక్కడున్నారో కనబడాలి.